చీకటి ఫ్రేము

మూత తియ్యకుండా తీసే ఫొటోతోనే
మా పని మొదలవుతుంది.
వెలుగు బొత్తిగా లేనప్పుడు
నీకేం కనబడుతోందని
సెన్సారుని ముందు చీకట్లో అడుగుతాం.

పాతిక డిగ్రీల దగ్గర బుద్ధిమంతురాలు.
నలుపంటే నలుపనే చెబుతుంది.
అరవై దాటిందా,
జ్వరమొచ్చిన పిల్ల పలవరించినట్టు
లేని చుక్కల్ని చూపిస్తుంది.
ఏడెనిమిది డిగ్రీలకోసారి ఆ పలవరింత రెట్టింపు.
సిలికాన్‌కి ఎండ తగలక్కర్లేదు, సెగ చాలు.

స్పెసిఫికేషన్‌లో యాభై అయిదని రాసినవాళ్ళు
మంచు పడే ఊళ్ళో కూర్చుని రాశారు.
జూలైలో, దుబాయ్ సిలికాన్ ఒయాసిస్‌లో, మా ల్యాబు మేడమీద
కెమెరా డబ్బాలో డెబ్బై ఒకటి.
అదే రాసి పంపాను.
థర్మామీటరు సరిచూడమన్నారు.
సరిచూశాను.
డెబ్బై రెండు.

ప్రతి నాలుగు గదుల్లో ఒకటి ఎరుపుకి, ఒకటి నీలానికి,
రెండు ఆకుపచ్చకి.
మనిషి కన్ను పచ్చదనాన్నే ఎక్కువ నమ్ముతుందని
ఎవరో ఎప్పుడో పంచిన వాటా.
ఇక్కడ ఆ సగం గదులూ
పొద్దస్తమానం ఇసుకని కొలుస్తాయి,
అప్పుడప్పుడూ కాస్త మున్సిపాలిటీ గడ్డిని.

ఈ చిప్పు వెళ్ళేది జబల్ అలీలో ఒక యార్డు గేటుకి.
మొహం చూసి హాజరు వేసుకోవాలి.
పరీక్షకి నిలబడమంటే వచ్చాడు గంగనర్సు,
ధర్మపురి దగ్గర ఊరు, పరంజా కట్టే పని,
హెల్మెట్ చంకలో పెట్టుకుని
ఫొటో స్టూడియోలోలా బిగుసుకుని.
వెనక అప్పుడే లేచిన సూర్యుడు.
తెర మీద ఆకాశం ఉంది, క్రేన్లున్నాయి,
క్రేను కొక్కెం కూడా ఉంది.
అతని మొహం ఉండాల్సిన చోట
బొగ్గుముక్క.

"గిట్లనే మేడమ్," అన్నాడు,
"పొద్దు నా ఎనుక నిలవడితే నేను రానట్టే.
మూడొద్దుల పైసలు కోసిన్రు."

నా దగ్గర జవాబుంది, అతనికి చెప్పే భాషలో లేదు.
ఒక్కో గదీ ఒక బావి,
ఇన్ని ఎలక్ట్రాన్లకి నిండిపోతుంది,
నిండాక ఎంత వాన పడ్డా ఒకటే లెక్క.
ఆకాశం బావులు పొర్లకుండా చూడబోయి
నీ బావిలో చెంబెడు కూడా పడనివ్వలేదు...
ఇదంతా ఏం చెప్పను.
"సరిచేస్తాను" అన్నాను.

పొట్టి ఎక్స్‌పోజరొకటి, పొడుగుదొకటి తీసి కలిపి కుట్టాను.
కుట్టు దగ్గర చెవి రెండయింది, మళ్ళీ విప్పాను.
నీడల వైపు వంపు పైకి లాగాను, ఇంకొంచెం, ఇంకొంచెం.
మొహం తేలింది:
మీసం, గడ్డం కింద గాటు,
కనుబొమల్లో నిన్నటి చెమట ఉప్పు.
వెనక టవరు తెల్లగా మాసిపోయింది.
బ్రోషర్‌కి ఆ టవరు కావాలంది మార్కెటింగులో రుబీనా.
గేటుకి అక్కర్లేదన్నాను.

చెంప మీద ఒక ఎర్రచుక్క మాత్రం మిగిలింది.
"గిదేంది?"
"చచ్చిన గది. చుట్టూ ఉన్న గదుల్ని అడిగి,
సగటు తీసి నింపేస్తాం. ఎవరికీ తెలీదు."
ఆ బ్లాకు నేనే రాశాను, పదకొండేళ్ళ కింద,
గర్వంగా.
ఎక్కడ నింపామో తర్వాత నాకే దొరకదు.

గంగనర్సు నవ్వాడు.
"మా రూముల గంతే. పన్నెండు మంచాలు.
ఒకడు వోతే అటిటోళ్ళు జరంత జరుగుతరు.
ఆయితారం కొత్తోడొస్తడు."

పోతే అంటే ఎక్కడికని అడగబోయాను.
బస్సొచ్చింది. హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

చిప్పు నమూనా ఫౌండ్రీకి పంపే వారంలో
ఒక మూల రెండు కిలోబైట్ల చోటు అడిగాను.
నింపిన ప్రతి గదికీ
అడ్డవరస, నిలువువరస, తేదీ.
సిలికాన్ చదరపు మిల్లీమీటరు ఎంతో తెలుసా,
ఎవరు చదువుతారిది, అన్నాడు మేనేజరు హెనింగ్.
ఎవరూ చదవరన్నాను.
చాలాసేపు కిటికీలోంచి చూసి
ఒక కిలోబైటిచ్చాడు.

ఎనిమిదేసి బైట్ల చొప్పున
నూట ఇరవై ఎనిమిది పడతాయి.