మూడో తాళంచెవి

ముందు ఈ చెక్కముక్క తీసుకో, యాగ్నా.
తాళాల సంగతి తర్వాత.
బీతోమ్ కింద నేలంతా డొల్ల,
బొగ్గంతా తోడుకుని పైన మనల్ని వదిలేశారు.
ఏడాదికింత గది కుంగుతుంది,
చరిత్ర అల్మారా ఎడమకి ఒరుగుతుంది,
పుస్తకాలు తాగొచ్చినవాళ్ళలా
ఒకదాని భుజమ్మీద ఒకటి.
ఇంజనీరుకి ఉత్తరం రాయి. జవాబొచ్చేలోపు
ఈ ముక్క అల్మారా కాలికింద దోపు.
ఉద్యోగంలో సగం ఇదే.

జీతం గురించి అడగాలని ఉంది నీకు, మొహమాటం.
తక్కువ.
బూట్ల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు.
ముప్పై నాలుగేళ్ళు నోరెత్తకుండా మోసి
ఒక్కసారిగా లెక్క అడుగుతాయి మోకాళ్ళు.

కాలేజీలో వర్గీకరణ నేర్పారు, మంచిదే.
కానీ తోటపని పుస్తకం కావాలన్న ఆమెకి
తోటపని అక్కర్లేదు.
మొగుడు పోయిన ఏడు పెరట్లో ఏదో మొలిచింది,
దాని పేరు అతనికే తెలుసు.
"ఏ పుస్తకం?" అని అడగకు.
"ఏమైంది?" అనీ అడగకు, బెదిరిపోతారు.
అల్మారా దాకా ఊరికే పక్కన నడువు,
నడకలో మాట దానంతటదే జారుతుంది.

రేడియేటర్ పక్క కుర్చీ అలోయ్జ్‌ది.
గని ఇంకా ఈల వేస్తూనే ఉంటుంది ఆయన ఛాతీలో.
పేపరు తెరుస్తాడు, పేజీ తిప్పడు.
కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంటాడు,
పదకొండేళ్ళుగా మర్చిపోతూనే ఉన్నాడు.
నువ్వేం అనకు.
పక్క బల్ల తుడుస్తూ వాతావరణం పైకి చదువు,
నీకోసమే చదువుకుంటున్నట్టు.

జోర్యానా మొదటిరోజు పుస్తకం అడగలేదు,
ప్లగ్గు అడిగింది.
ఫోను వెలిగింది. ఖార్కివ్‌లో అమ్మమ్మ
ఎత్తలేదు, ఎత్తలేదు,
ఎత్తింది.
ఆ ప్లగ్గుకి ఏ నంబరు వేస్తావో నువ్వే చెప్పు.

తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ దులుపు.
మందుల చీటీ, బస్సు టికెట్టు, పంపని ఉత్తరం,
ఒకసారి సన్నగా తరిగిన సాసేజి ముక్క,
నూట పన్నెండో పేజీలో, భద్రంగా.

పారెయ్యడం కూడా నేర్చుకోవాలి.
మొదటి పెట్టెకి ఏడుస్తావు,
నాలుగో పెట్టెకి టీ తాగుతూ కానిస్తావు.
వెనక వాకిలి గుండా, చీకటిపడ్డాకే.
పగలు చూస్తే ఊరు ఊరుకోదు.
ఎవరూ తెరవని పుస్తకమ్మీదే
అందరికీ ప్రాణం.

సరే, తాళాలు.
పెద్దది వీధి తలుపుది.
ఇత్తడిది నేలమాళిగది, నీళ్ళొస్తే ముందు కింది అర ఖాళీ చెయ్యి.
గరిటె కట్టిన ఈ మూడోది మరుగుదొడ్డిది.

నేను చేరిన మొదటి జనవరిలో ఒకాయన అడిగాడు దీన్ని.
గడ్డమ్మీద మంచు, చిరునామా లేదు.
"సభ్యులకే" అన్నాను.
నియమం అలాగే ఉండేది,
గోడ మీద వేలుపెట్టి చూపించాను కూడా.
"క్షమించండి" అన్నాడు.
ఆయన, నాతో.
టోపీ మళ్ళీ పెట్టుకుని
తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళాడు.
ఏ రిజిస్టరు తిరగేసినా దొరకడు,
పేరు అడిగితే కదా.

ఆ రాత్రి మా వంటింట్లోంచి కొయ్య గరిటె తెచ్చి కట్టాను,
ఎవరి జేబులోకీ పట్టకుండా,
ఎవరూ అడగక్కర్లేకుండా
కౌంటరు మీదే, కనబడేలా.
ఇది మూడో గరిటె. విరిగితే నువ్వొకటి తెచ్చుకో.

ఇంకేదో చెప్పాలనుకున్నాను, గుర్తు రావడం లేదు.
ఆ, రేపు చలి ఎక్కువట.
ఎనిమిదీ ముప్పావుకే అలోయ్జ్ మెట్ల మీద ఉంటాడు.
బోర్డు మీద తొమ్మిది అని ఉంది.
ఆ బోర్డు రాసింది నేనే,
ఫరవాలేదు,
తలుపు తియ్యి.