తుమ్మురాని తీగ

నల్లపాడు వంతెన ఎక్కలేకపోయిందట,
ముప్పై ఆరు టిక్కీల మిర్చితో
రెండో గేరులో ఆయాసపడి.
ఏసుపాదం దిగి నా షెడ్డు ముందు నిలబడ్డాడు.

"పొగ లేదన్నా. చప్పుడూ లేదు.
లాగదంతే."

ఒకడు పంపు అన్నాడట.
ఇంకొకడు టర్బో, నలభై వేలు, రేపు సాయంత్రం రమ్మన్నాడట.
మూడోవాడు దిష్టి అన్నాడు కాబోలు,
బంపరుకి నిమ్మకాయలు కొత్తవి.

స్కానరు పెట్టాను. ఒక్క తప్పూ చూపలేదు.
అప్పుడు అంకెలు చూడటం మొదలెట్టి
ఎక్సిలేటరు తొక్కమన్నాను.
ఇంజను రంకె వేస్తోంది,
గాలి లెక్క మాత్రం
మెట్ల మీద చతికిలబడ్డ ముసలాడిలా
అక్కడే ఆగింది.

మా నాయన పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదేవాడు.
ఇంత గొంతుకి ఎంత ఊపిరి కావాలో
నాకు అన్నంతోపాటే తెలుసు.

చిన్న ప్లగ్గు, పీకేశాను.
వంతెన దాకా వెళ్ళిరా, అన్నాను.

మూడో గేరులో ఎక్కించి దించుకొచ్చాడు.
నవ్వుతున్నాడు, కొంచెం భయంగా కూడా.
"పీకేస్తే బాగుందేంటన్నా?"

ఏం చెప్పను.
గాలి తక్కువుందని అది చెబుతోంది,
నమ్మిన ఇంజను డీజిలు బిగబట్టుకుంటోంది.
చెప్పేవాడే లేకపోతే
పాత అలవాటు మీద తన దారిన తను నడుస్తోంది.
కొన్ని కొంపల్లోనూ చూశాం కదా.

గాలి డబ్బా విప్పగానే
కుర్రాడు బాజీ ఏడు తుమ్ములు,
ఏసుపాదం మూడు,
వెల్డింగు సుబ్బరత్నం గోడ అవతలి నుంచే ఒకటి.
ఫిల్టరు అంచు చిరిగి ఉంది,
వేలు దూరేంత.
రెండు సీజన్ల యార్డు దుమ్ము
ఆ సందులోంచే లోపలికి.

సెన్సరు వెలుతురుకి పట్టుకున్నాను.
వెంట్రుకంత తీగ.
దాని మీద కాలిన కారం పొర,
ఇటుకరంగు పెచ్చు.
ఒళ్ళు వేడి చేసుకుని కూర్చోవటం,
వచ్చిన గాలి ఎంత చల్లార్చిందో చెప్పటం,
దానికి తెలిసిన పని అదొక్కటే.
పెచ్చు కట్టాక గాలి ఏం తగులుతుంది?
పాపం, అబద్ధమని దానికీ తెలీదు.
మనకైతే తుమ్ము వస్తుంది.

బాజీ గుడ్డ తెచ్చాడు. చేతిమీద ఒకటేశాను.
తుడవకూడదు. నోటితో ఊదకూడదు.
దానికని దొరికే స్ప్రే, జానెడు దూరం నుంచి
పది పన్నెండుసార్లు,
ఆరేదాకా టీ.
టీ అయిపోయింది, ఇంకో టీ.
తొందరపడి బిగిస్తే మళ్ళీ మొదటికే.

బిగించాక తొక్కమన్నాను.
అంకె లేచింది,
పై స్థాయి అందుకునే ముందు
మా నాయన బుగ్గలు లేచినట్టు.

కొత్త ఫిల్టరుతో కలిపి పధ్నాలుగు వందలు.
ఏసుపాదానికి నమ్మకం కలగలేదు,
నలభై వేల జబ్బుకి ఇదేం మందన్నట్టు
బానెట్టులోకి ఇంకోసారి తొంగి చూశాడు.

జేబులోంచి తీసిన నోట్లు ఎర్రగా ఉన్నాయి.
తొమ్మిదో నోటు దగ్గర నాకొచ్చింది తుమ్ము.
లెక్క తప్పింది.
మళ్ళీ మొదటినుంచి.