చుట్టకు నిప్పు

శుక్రవారంలోగా గది ఖాళీ చేయమన్నారు.
మెల్‌బోర్న్‌లో నాలుగో అంతస్తు,
ట్రాము గంటలు వినపడే వైపు.
ఇరవై తొమ్మిదేళ్ల కాగితాలు
ఇంత బుద్ధిగా అట్టపెట్టెల్లోకి దిగుతాయనుకోలేదు.
ఎగరకుండా వాటి మీద పెట్టుకున్న
ఈ వెండిరంగు ముద్ద మాత్రం
ఏ పెట్టెలోనూ ఇమడనంటోంది.

ఇది ఎనిడ్ ట్రెగెంజా కారు చక్రం.
గిప్స్‌లాండ్ కొండల్లో, ఆ ఫిబ్రవరి సాయంత్రం,
కరిగి, వాకిట్లోంచి వాననీళ్లలా పల్లానికి పారి
కంచె దగ్గర గడ్డకట్టింది.

నేను వెళ్లింది పదకొండో వారం.
చేతిలో టేప్‌రికార్డరు, కమిటీ అనుమతిపత్రం,
నలభై రెండు ప్రశ్నలు.
గత రెండు వారాల్లో నిద్రపట్టని రాత్రులు:
లేవు. కొన్ని. చాలా.
ఆవిడ నా పెన్ను వైపు కాసేపు చూసి
"కాలిన చెట్లు చిగురిస్తున్నాయమ్మాయ్,
కొమ్మలకి కాదు, మానంతా, బొచ్చులాగా.
చూస్తే ఒళ్లు జలదరిస్తోంది" అంది.
దానికి గడి లేదు.
మార్జిన్‌లో రాసుకున్నాను.

ఆ మార్జినే నా మొదటి వ్యాసం.
ఆ జలదరింపే రెండో పుస్తకంలో మూడో అధ్యాయం,
ప్రొఫెసరు కుర్చీ, ఎక్కడెక్కడి హాళ్లలోనో చప్పట్లు.
'కోలుకోవడం' అనే మాటను
అరవై పేజీల పొడవునా ఉతికి ఆరేశాను.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకు నిప్పడిగాడట ఒకడు.
చిన్నప్పుడు పడీపడీ నవ్విన సామెత.
ఇక్కడ ఎవరికీ చెప్పలేదు,
నవ్వుతారని కాదు,
నవ్వరేమోనని.

ఏడో ఏడు వెళ్తే
"నీ పుస్తకం అందింది" అంది ఎనిడ్.
"వాషింగ్ మెషీన్ కాలి కింద అచ్చంగా సరిపోయింది.
ఈ ముద్ద కూడా పట్టుకుపో,
గడ్డి కోసే మిషన్‌కి అడ్డొస్తోంది."
కానుక ఇవ్వడం గురించి
దాని మీద రెండు పేరాలు రాశాను!

ఇవాళ పెట్టె అడుగున ఒక క్యాసెట్.
బి వైపు. పైన నా చేతిరాత: 'అనవసరం'.
పెట్టి విన్నాను.
కెటిల్ ఈల. మాగ్‌పై కూత.
పాలు ఎక్కువ పోశావని ఆవిడ విసుగు.
ఎవరూ ఏమీ అడగని ఇరవై నిమిషాలు.
చెంచా తిరిగిన చప్పుడు.
తర్వాత, లోగొంతుకతో,
డేవీ బూట్లు ఇంకా గుమ్మం బయటే పెడుతున్నానని.
మళ్లీ కెటిల్.
"అది ఇంకా తిరుగుతోందా?"

"లేదు," అంటోంది
ముప్పై అయిదేళ్ల నా గొంతు,
అటు చూడకుండానే.