ఆరువేల ఒకటో ఏడాది

కువోపియోలో మూడింటికే చీకటి.
సరస్సు అడుగునుంచి గొట్టంతో లాగిన బురద
బల్లమీద, నిలువునా కోసిన రొట్టెలా.
మంచు కరిగిన వరదకో తెల్లగీత,
గడ్డకట్టిన నెలలకో నల్లగీత.
రెండూ కలిస్తే ఏడాది.

గుండుసూది మొనతో లెక్కపెడుతోంది హెల్కా.

తాత ఈసక్కి బోధకుడు.
బైబిలు అంచున పెన్సిలుతో
ఆదాము ఏళ్లు, షేతు ఏళ్లు, నోవహు ఏళ్లు కూడి
లోకానికి ఆరువేలని తేల్చినవాడు.
కూడికలు ఆయన ఒళ్లోనే నేర్చుకుంది.

గురువారం, కాఫీ చల్లారిపోయాక,
ఆరువేల ఒకటి వచ్చింది.
పిడుగేం పడలేదు.
పక్కగదిలో ఎవరో తుమ్మారు.
గీత మధ్య ఒక చేప పొలుసు,
తాత లెక్కలో ఇంకా పుట్టని నీళ్లలో
ఈదిన చేపది.

ఆ రాత్రి ఫోన్లో చెప్పేసింది:
"తొమ్మిదివేలు దాటింది తాతా."
అటునుంచి చాలాసేపు
పొయ్యిలో కట్టెల చిటపట.
"సరిగ్గా లెక్కపెట్టావా?"
"మూడుసార్లు."
"మంచిది. దొంగలెక్క పాపం."

తర్వాత ఆయన మోకరిల్లాడో లేదో తెలీదు.
తను మాత్రం అలవాటుకొద్దీ వేళ్లు పెనవేసి,
ఎవరికని తోచక,
గోళ్లలో ఎండిన బురద చూస్తూ
కాసేపు అలాగే ఉండిపోయింది.