తూకం చీటీ వెనుక

మిర్యాలగూడల మా మిల్లు సైరన్
పొద్దుగాల ఆరింటికి మోగుతది.
అది మోగకముందే లోహిత్ లేస్తడు,
రెండు చెవులు మూసుకొని గోడకు ముఖం పెడ్తడు.
ఈ సంగతి నాకు ఎరికయ్యేసరికి
వానికి ఆరేండ్లు నిండినయ్.

అంతకుముందు నాకు ఎరికున్నది ఒక్కటే, చెయ్యెత్తుడు.
అబద్ధమెందుకు, కొట్టిన.
యాభై కిలోల బస్తాలు దించే చెయ్యి.
వాడు ఏడ్వలే,
తన మణికట్టు తానే కొరుక్కున్నడు
నా దెబ్బ చాలనట్టు.

వాడకట్టోళ్లు తలో మాట.
గాలి సోకిందన్నరు, జాన్‌పహాడ్ దర్గాకు పొమ్మన్నరు,
తల్లి గారాబం అన్నరు.
సైదమ్మ ఎవ్వలకూ జవాబియ్యలే.
పిల్లగాడు తల బాదుకునే కాడ గోడకు
పాత బొంత పరిచి మేకులు కొట్టింది.

భవిత సెంటర్ల టీచరమ్మ అడిగింది:
"అరిచినంక ఏమైందో చెప్తున్నవన్నా,
అరవకముందు ఏమైంది?"
నాకాడ జవాబు లేకపాయె.
దినమంతా బస్తాలు లెక్కవెట్టేటోణ్ణి,
గీ లెక్క ఎన్నడూ పెట్టలే.

గా దినం నుంచి తూకం చీటీల వెనుక రాస్తున్న.
సోమారం: అన్నంల పప్పు కలిసింది. పళ్లెం ఇసిరిండు.
బేస్తారం: కొత్త అంగీ, మెడకాడ కంపెనీ చీటీ గుచ్చుకుంది.
శుక్కురారం: ట్యూబులైటు జుయ్యిమంటున్నది,
నాకు ఇనవడలే, వానికి ఇనవడ్డది.
ఐతారం: ఏం లేదు. ఏమీ లేదు. అయినా గంటసేపు.

మెడకాడి చీటీ కత్తిరిచ్చిన. లైటు మార్చిన.
పప్పు వేరే గిన్నెల పోస్తున్నం.
ఐతారానికి మాత్రం ఏం చెయ్యాల్నో ఇంకా తెలువది.

మొన్న సాగర్ రోడ్డు మీద బరాత్ ఎదురొచ్చింది.
డీజే డబ్బాలు గుండెల్ల కొడుతున్నయ్.
మోరీ అంచుకు పడి పొర్లిండు నా కొడుకు.
సెల్లులు ఎత్తిపట్టుకున్నరు ఇద్దరు పోరగాండ్లు.
వాళ్లకూ వానికీ నడుమ నా వీపు అడ్డం పెట్టి
దుమ్ముల చతికిలవడ్డ.
"ఊకో బిడ్డా" అనలే,
గా మాట గూడ అప్పుడు వానికి ఓ చప్పుడే.
జబ్బ కొరికితే మెల్లగ ఇడిపించుకొని
తువ్వాల కొస నోటికందిచ్చిన.
బ్యాండు దూరమయ్యేదాంక కూసున్న.

అప్పుడు వాడే నా చెయ్యి గుంజి
తన వీపు మీద ఏసుకున్నడు.
ఇంకా, ఇంకా అన్నట్టు అదుముకున్నడు,
ఎంత బరువు కావాల్నో వాడే తూకమేసిండు.
ఇరవై ఏండ్ల సంది మోస్తున్న,
బరువు గూడ మనిషిని నిమ్మళపరుస్తదని
నాకెవ్వలు చెప్పిన్రు?

ఇంటికొచ్చి రాసిన:
బుధారం. బరాత్. ముప్పై నిమిషాలు.
కింద, ఇన్ని దినాలు రాయనిది ఇంకోటి:
నేను అరవలే.

సైదమ్మ పంటిగాట్లకు పసుపు పెడుతూ చదివింది.
చీటీలు అయిపోవస్తున్నయ్,
రేపు గుమాస్తాను ఇంకో కట్ట అడగాలె.