ఎందుకైనా మంచిది

టొలీడోలో నాకు చెడిపోయిన కార్లు లాక్కొచ్చే ట్రక్కుంది.
ముప్పై ఏళ్ళుగా రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
ఎవరెవరి డిక్కీల్లోంచో స్టెప్నీలు తీస్తున్నాను.
సగం వాటిలో గాలే ఉండదు.
ఉందిలే అన్న ధీమాతో
ఒక్కరూ ఒక్కసారి తట్టి చూడరు.

జూడిత్ ఎముకల సర్జరీకి డెబ్భై చోట్ల దరఖాస్తు పెట్టింది.
"ఎందుకైనా మంచిదని, నాన్నా,
ఫ్యామిలీ మెడిసిన్‌కీ ఎనిమిది పెట్టాను" అంది
ఫ్రిజ్ వైపు తిరిగి,
చిల్లర కాజేసి దొరికిపోయినట్టు.

వేటి ఉత్తరం వాటిదే.
ఒకదాంట్లో, చిన్నప్పట్నించీ సుత్తులూ స్క్రూలూ తన ప్రాణమని.
అది నిజం. నా గ్యారేజీయే సాక్షి.
రెండోదాంట్లో, ఒకే కుటుంబాన్ని మూడు తరాలు చూడాలని ఉందని.
రాత్రి రెండింటికి రెండూ చదివి వినిపించింది.
రెండోదాంట్లో గాలి లేదు.
నేనేం అనలేదు.

జనవరిలో తన కారు మొరాయిస్తే
నా ట్రక్కులోనే బయల్దేరాం,
హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఓ చిన్న ఊరికి.
ఇస్త్రీ కోటు ఒళ్ళో పెట్టుకుని, మంచులో దారి పొడుగునా
"మేమేనా నీ మొదటి ఇష్టం?" అని అడిగితే
చెప్పాల్సిన జవాబు వల్లె వేసింది.

అక్కడెవరూ అడగలేదు.
డాక్టర్ వాండర్‌మోలెన్, పొట్టి మనిషి, కాళ్ళకి రబ్బరు బూట్లు,
"చేతులు కడుక్కుని ఈ లైటు పట్టుకో" అంది. అంతే.
గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే కుర్రాడొకడు
బొటనవేలికి గాలం దించుకుని వచ్చాడు.
నేను బయట కుర్చీలో, ఏ ఏటిదో పత్రిక తిరగేస్తూ.
తలుపు ఓరగా వేసుంది.
గాలాన్ని వచ్చిన దారిన లాగకూడదట,
ముందుకే తోసి, ముల్లు కత్తిరించాక తియ్యాలట.
కుర్రాడు ఏదో బూతు అన్నాడు.
మా అమ్మాయి నవ్వింది.
అద్దం ముందు సాధన చేసిన నవ్వు కాదది.

తిరుగు దారిలో ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
పెట్రోలు బంకు దగ్గర నీళ్ళ కాఫీ తాగాం.

జాబితా పంపాల్సిన రాత్రి
పైన పద్నాలుగు ఎముకల ఊళ్ళు,
అట్టడుగున సరస్సు ఊరు.
దాన్నో గడి పైకి జరిపింది. కిందికి దించింది.
మళ్ళీ పైకి.
సోఫాలో కళ్ళు మూసుకుని
మౌసు టిక్కుటిక్కులు లెక్కపెట్టాను.
ఎక్కడ ఆగిందో తెలీదు.

ఇవాళ సోమవారం. కబురొచ్చింది:
ఎక్కడో ఓ చోట దొరికింది.
ఆ ఎక్కడో ఏదో శుక్రవారం దాకా చెప్పరట.
వాళ్ళమ్మ ఏడ్చింది, కేకు తెచ్చింది.
జూడిత్ మాత్రం గ్యారేజీకొచ్చి
తన కారు డిక్కీ తెరిచి, చాప ఎత్తి
స్టెప్నీకి గేజి పెట్టింది.

"నిండుగా ఉంది" అంది.
కాసేపాగి, చక్రం మీద చెయ్యి ఉంచి,
"ఇది బుల్లి టైరు కాదు నాన్నా.
మిగతా నాలుగింటి సైజే."

తెలుసన్నాను.
కొన్నప్పుడు నేనే మార్చి పెట్టాను.
ఎందుకైనా మంచిదని.