సగం

వైట్‌హేవెన్‌లో, రేవు పైన ఏటవాలు వీధిలో
పన్నెండో నంబరు ఇల్లు.
పొగగంట మార్చడానికొచ్చానంటే
"ముందు కాళ్ళు తుడుచుకో" అంది ఎనిడ్ బ్రేత్‌వైట్.
ఎనభై ఏడేళ్ళు. చేతుల నిండా పిండి.

నిచ్చెనెక్కి దించాను.
పాలమీగడ రంగు తిరిగిన డబ్బా, ముప్పై అయిదేళ్ళ నాటిది.
లోపల
ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని అమెరీషియం.
చార్మినారు సున్నం ఆరీ ఆరనినాడు ఇంత ఉండి ఉంటే
ఇవాళ్టికి సగం మిగిలేది.
తక్కిన సగం మాయం కాదు,
పేరు మార్చుకుని నెప్ట్యూనియమై కూర్చుంటుంది
ఇంకో ఇరవై లక్షల ఏళ్ళ పైచిలుకు.

"తెలుసులే" అంది. "విల్ఫ్ చెప్పేవాడు."

విల్ఫ్ పని చేసింది చేపలు లేని చెరువు దగ్గర.
కాలిపోయిన కడ్డీలు నీళ్ళడుగున
నీలంగా చల్లారుతుంటే
రాత్రంతా ముళ్ళు చూస్తూ, అంకెలు రాస్తూ.

ఓవెన్ ఎప్పుడో ఆపేసింది ఆవిడ.
స్కోన్లు మిగిలిన సెగకే ఉడుకుతున్నాయి.
గుడ్లుడికిన నీళ్ళలో పళ్ళేలు నానుతున్నాయి.
"శక్తి ఎక్కడికీ పోదు ఎనిడ్, అనేవాడు.
కాకపోతే
వెళ్ళాక పిలిస్తే రాదు."

కొత్త డబ్బా బిగించాను.
ఇందులో అణువుల గొడవ లేదండీ, వెలుతురే కాపలా.
రొట్టె మాడినా ఊరికే అరవదు.

"అరవదా?"

విల్ఫ్‌కి నల్లగా మాడితేనే రొట్టెట.
పొద్దున్నే అయిదింటికి షిఫ్టుకు ముందు
రోజూ ఈ గంట, రోజూ తువ్వాలు విసురుతూ ఆవిడ తిట్లు.
పదకొండేళ్ళుగా గంట మోగలేదు.
బ్యాటరీ మాత్రం మారుస్తూనే ఉంది.

పాతది ఇంట్లో ఉంచుకోకూడదు,
పెట్టెలో పెట్టి, చీటీ అంటించి, తిరిగి పంపాలి.
చెప్పాను.
ఆవిడ వినలేదు, విననట్టు
రొట్టెముక్క ఒకటి లోపలికి నొక్కింది
ముల్లు చివరిదాకా తిప్పి.

నా అరచేతిలో డబ్బా కెవ్వుమంది.
ఆవిడ తువ్వాలు తీయలేదు.
కళ్ళు మూసుకుని నిలబడింది.

ధ్వని కూడా ఆఖరికి వేడే అవుతుందట.
ఆ వంటింటి గోడలు ఎంత వెచ్చబడ్డాయో
చెప్పగల థర్మామీటరు నా సంచిలో లేదు.

బ్యాటరీ ఊడదీశాను.

మాడిన రొట్టెను చెత్తలో వేస్తుందనుకున్నా.
కత్తితో మసి గీకి, వెన్న రాసి,
సగం విరిచి
నాకిచ్చింది.